కందిగింజంత పేస్టు, కొండంత చర్చ

ప్రాసెసర్‌కూ దాన్ని చల్లబరిచే కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్టును ప్రాసెసర్ మీద చుక్కలా పెట్టాలా, గీతలా గీయాలా, ఇంటూ గుర్తులా వేయాలా, లేక ప్లాస్టిక్ కార్డు ముక్కతో దోశ పిండిలా పలచగా పరవాలా? కంప్యూటర్ సొంతంగా బిగించుకునేవాళ్లు నలుగురు కలిస్తే ఈ మాట రాకుండా ఉండదు. ఏ కంపెనీ ట్యూబు మంచిదన్న దాని మీద ఇంకో గంట. ఇదే మనుషులు ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు సర్దే డబ్బా) దగ్గరికొచ్చేసరికి షాపువాడు ఏది చేతిలో పెడితే అది తీసుకుంటారు. క్యాబినెట్‌ని లైట్లు చూసి, ముందువైపు అద్దం చూసి కొంటారు.

నా వాదన ముందే చెప్పేస్తాను. వేడి లెక్కలో పేస్టు బ్రాండు చిట్టచివరి అంకె. మొదటి అంకె మీ గది. ఆ రెండింటి మధ్య వరసగా వాట్లు, గాలి, బిగింపు ఉంటాయి. విడిభాగాలు ఎంచుకోవడం కూడా ఈ వరసలోనే సాగాలి. మనలో చాలామంది తోక నుంచి మొదలుపెడతారు.

ముందు పేస్టు సంగతే తేల్చుకుందాం. ప్రాసెసర్ మీది లోహపు మూత, కూలర్ అడుగు కంటికి నున్నగానే కనిపిస్తాయి. దగ్గరగా చూస్తే రెండింటి నిండా గీతలు, గుంటలు. ఒకదాని మీద ఒకటి పెడితే ఆ గుంటల్లో గాలి చిక్కుకుంటుంది. వేడిని మోయడంలో గాలి అంత బద్ధకమైంది ఇంకోటి లేదు. ఉష్ణవాహకతను మీటరుకు, కెల్విన్‌కు ఇన్ని వాట్లు అని కొలుస్తారు. గాలిది సుమారు 0.025, అల్యూమినియంది 237, రాగిది 400 దగ్గర. పేస్టు డబ్బాల మీద 4 నుంచి 14 దాకా రాసి ఉంటుంది. అంటే బజారులో అన్నిటికన్నా ఖరీదైన పేస్టు కూడా రాగి పక్కన పెడితే దుప్పటి లాంటిదే. వేడిని లాగేసే మంత్రం దానిలో ఏమీ లేదు. గాలిని తరిమేసి ఆ గుంటల్లో తాను కూర్చోవడమే దాని ఉద్యోగం.

అంకెలు వేసి చూడండి. పేస్టు పొర మందం 0.05 మిల్లీమీటర్లు అనుకుందాం. వేడి పుట్టేది మూత కింద ఉన్న చిన్న సిలికాన్ ముక్కలో కాబట్టి వేడి గట్టిగా దాటే చోటు 4 చదరపు సెంటీమీటర్లు అని పెట్టుకుందాం. ప్రాసెసర్ 100 వాట్లు తాగుతోంది. వాహకత 5 ఉన్న పేస్టయితే ఆ పొరకు అటూఇటూ రెండున్నర డిగ్రీల తేడా వస్తుంది. 12 ఉన్నదైతే ఒక డిగ్రీ. రెండింతలో మూడింతలో ధర పెట్టి కొన్నది డిగ్రీన్నర. అదే మందాన గాలి ఉంటే లెక్క ప్రకారం 500 డిగ్రీలు తేలుతుంది. నిజంగా అంత రాదు, లోహం లోహాన్ని అక్కడక్కడ తాకుతుంది, ఆలోపే ప్రాసెసర్ తనను తాను ఆపేసుకుంటుంది కూడా. పేస్టు ఉండటానికీ లేకపోవడానికీ మధ్య ఆకాశమంత తేడా. ఈ పేస్టుకూ ఆ పేస్టుకూ మధ్య గోరంత. పైగా ఆ డబ్బా మీది అంకెలు కంపెనీలన్నీ ఒకే పద్ధతిలో కొలిచినవి కావు, పక్కపక్కన పెట్టి పోల్చడానికి పనికిరావు.

గది నుంచి మొదలు

కూలర్ గాలిదైనా నీళ్లదైనా ప్రాసెసర్‌ను గది కన్నా చల్లగా చేయలేదు. గది వేడి ఎంతో, దాని మీద ఇన్ని డిగ్రీలు అని మాత్రమే లెక్క. ఈ ఒక్క వాక్యం ఒంటబడితే సగం గందరగోళం పోతుంది. రివ్యూలు చేసేవాళ్లు ఏసీ గదిలో, 20-22 డిగ్రీల దగ్గర కొలుస్తారు. రామగుండంలోనో రెంటచింతలలోనో బయట 45 డిగ్రీలు కాసిన మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని డాబా మీద గదిలో 38 ఉండటం వింతేమీ కాదు. రివ్యూలో 72 చూపించిన కూలర్ ఆ గదిలో 88 చూపిస్తుంది. దానిలో కూలర్ తప్పు లేదు, పేస్టు తప్పు అసలే లేదు. సీలింగ్ ఫ్యాను తిరుగుతోంది కదా అంటారు. ఫ్యాను గాలిని చల్లబరచదు, మన చెమటను ఆరబెడుతుంది. సిలికాన్‌కు చెమట పట్టదు.

కాబట్టి కొనేముందు చేయాల్సిన మొదటి పని, ఏప్రిల్-మే నెలల్లో మీ గది ఎంత వేడెక్కుతుందో తెలుసుకోవడం. గోడకు తగిలించే చిన్న థర్మామీటర్ చాలు. 28 దాటని ఏసీ గదైతే మీ చేయి స్వేచ్ఛగా ఆడుతుంది. 36-38 దాకా పోయే గదైతే రివ్యూలో కనిపించే ప్రతి అంకెకు పదిహేను కలిపి చదవండి.

రెండో పని వాట్ల లెక్క. ఇక్కడ పెట్టె మీద రాసిన టీడీపీని, అంటే ప్రాసెసర్ వేడికి కంపెనీ చెప్పే వాట్ల అంకెను నమ్మితే మునిగినట్టే. ఏఎండీ రైజెన్ 5 7600 మీద 65 వాట్లని ఉంటుంది, పూర్తి పనిలో 88 దాకా తీసుకోవడానికి దానికి అనుమతి ఉంది. 7600ఎక్స్ మీద 105 అని ఉంటుంది, తీసుకునేది 142. ఇంటెల్ ఐ5-12400 మీద 65, తాత్కాలికంగా 117 దాకా. ఐ7-14700కె మీద 125, పైకి 253. ఈ రెండో అంకెలతోనే కూలర్ కొలత తీసుకోవాలి. 7600కు, 7600ఎక్స్‌కు వేగంలో తేడా కొద్ది శాతం, వేడిలో తేడా 54 వాట్లు. వేడి గదిలో ఉండేవాళ్లు పేరు చివర ఎక్స్ కోసం, కె కోసం డబ్బు పోయడం అసలు దండగ. చేతిలో ఆల్రెడీ ఎక్స్ ఉందా, బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఎకో మోడ్ పెట్టి 65 వాట్ల తరగతికి దించండి. ఇంటెల్ వాళ్లయితే పవర్ లిమిట్లు చూసుకోండి. కొన్ని మదర్‌బోర్డులు ఆ హద్దుల్ని ఎత్తేసి వస్తాయి. కొన్నిటిలో మొదటిసారి బయోస్ తెరవగానే మీది ఏ రకం కూలర్ అని అడుగుతుంది. అక్కడ గొప్పకు పోయి వాటర్ కూలర్ అని నొక్కితే హద్దు లేకుండా తాగేస్తుంది. ట్యూబు మార్చినందుకు వచ్చే డిగ్రీన్నర ఎక్కడ, బయోస్‌లో పైసా ఖర్చు లేకుండా తగ్గే పది, పదిహేను డిగ్రీలెక్కడ.

బయోస్ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లలో వోల్టేజీ అతిగా వెళ్లి చిప్పు దెబ్బతినే లోపం 2024లో బయటపడింది. ఇంటెల్ ఆ ఏడాది ఆగస్టులో 0ఎక్స్129 అనే మైక్రోకోడ్ (చిప్పు నడకను సరిదిద్దే చిన్న ప్రోగ్రామ్) ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. ఆ తరాల చిప్పు పాతదో కొత్తదో కొంటుంటే, ఆ మైక్రోకోడో దాని తర్వాతిదో ఉన్న బయోస్ వేశాకే బరువైన పని చేయించండి. పాత చిప్పు అప్పటికే దెబ్బతిని ఉంటే బయోస్ దాన్ని బాగుచేయదు.

గ్రాఫిక్స్ కార్డు వేడిని జనం మర్చిపోతారు. ఆర్‌టీఎక్స్ 4060ది 115 వాట్లు, 4070ది 200, 5070ది 250. ప్రాసెసర్ కన్నా ఇదే ఎక్కువ, ఆ వేడంతా క్యాబినెట్‌లోకే దిగుతుంది. ప్రాసెసర్ కూలర్ పీల్చేది ఆ గాలినే.

ఇక్కడ ఇంకో చిన్న లెక్క. మొత్తం 350 వాట్లు తాగే కంప్యూటర్‌లోంచి నిమిషానికి 50 ఘనపుటడుగుల గాలి నిజంగా బయటికి పోతుంటే, ఆ గాలి లోపలికి వచ్చినప్పటి కన్నా సుమారు 13 డిగ్రీలు వేడెక్కి పోతుంది. 100 ఘనపుటడుగులు పోతే ఆరున్నర డిగ్రీలే. ఫ్యాను పెట్టె మీద రాసిన అంకె ఎదురుగా ఏ అడ్డూ లేనప్పటిది. ముందు అద్దం పలక, దాని పక్కన వేలెడు సందు, లోపల దుమ్ము పట్టిన జల్లెడ ఉంటే అందులో ఎంతో భాగం ఆవిరి. అద్దాల క్యాబినెట్ మీద నాకున్న కోపానికి కారణం ఇదే. ముందువైపు పూర్తిగా జాలీ ఉన్నది, ముందు రెండు 120 లేదా 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి. మన ఊళ్లకు ఇంతే చాలు. లోపలికి వచ్చే గాలి బయటికి పోయేదాని కన్నా కాస్త ఎక్కువ ఉంటే దుమ్ము జల్లెడ గుండానే వస్తుంది, సందుల్లోంచి దూరదు. ఫ్యాను ఏ వైపు ఊదుతుందో తెలియకపోతే ఒక గుర్తు: రెక్కలు విప్పారి కనిపించే ముఖం పీల్చేది, అడ్డకమ్మీలున్న ముఖం ఊదేది.

రోడ్డు పక్క ఇల్లయితే ముందు జల్లెడ రెండు మూడు వారాలకోసారి దులపాల్సిందే. పూజగది పక్కన పెట్టిన కంప్యూటర్లో అగరొత్తి పొగ, వంటింటి గోడకు ఆనుకున్నదాంట్లో తాలింపు జిడ్డు దుమ్మును బంకలా పట్టేస్తాయి, ఆ తర్వాత ఊదితే రాదు, బ్రష్షు పట్టాలి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోండి. గాలికి విపరీతంగా తిరిగితే బేరింగు పోతుంది. ఇక ఎస్ఎంపీఎస్‌లో దూరి ప్రాణం వదిలే బల్లుల గురించి రిపేరు షాపుల్లో అడిగితే కథలు కథలుగా చెబుతారు. వెనకాల ఖాళీ స్లాట్లకు రేకులు తీసేసి వదిలేయకండి.

కొటేషన్‌లో ఏం చూడాలి

కంప్యూటర్ సామాన్ల బజార్లయిన సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లినా, చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లినా, ఆన్‌లైన్‌లో కొన్నా కొటేషన్ చేతికొస్తుంది. అందులో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు పేర్లు పూర్తిగా ఉంటాయి. "450 వాట్ల ఎస్ఎంపీఎస్", "16 జీబీ ర్యామ్" అని మాత్రం పొడిపొడిగా ఉంటుంది. ఎక్కడ పేరు లేదో అక్కడే షాపువాడి లాభం ఉంది. ప్రతి వస్తువుకూ మోడల్ నంబరు రాయించండి.

ఎస్ఎంపీఎస్ పక్కన అంటించిన పట్టీ చదవడం నేర్చుకుంటే చాలు, మోసపోరు. అందులో 12 వోల్టుల గడి చూడండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తాగేది అక్కడి నుంచే. పైన పెద్దక్షరాలతో 450 అని ఉండి, 12 వోల్టుల దగ్గర 18 ఆంపియర్లు అని ఉంటే, 12ను 18తో గుణించండి. 216 వాట్లు. మిగతాది కాగితం మీది బలం. మంచి ఎస్ఎంపీఎస్‌లో 12 వోల్టుల వాట్లు దాదాపు మొత్తం వాట్లకు సమానంగా ఉంటాయి. 80 ప్లస్ ముద్ర కరెంటును ఎంత పొదుపుగా వాడుతుందో చెబుతుంది, షార్ట్ అయినప్పుడు మిగతా భాగాల్ని కాపాడుతుందో లేదో చెప్పదు. 88 వాట్ల ప్రాసెసర్, 200 వాట్ల కార్డు, మిగతావాటికి ఓ 60 వేసుకుంటే 350 లోపే. దానికి పేరున్న 550 లేదా 650 సరిపోతుంది. 850 కొనడం తప్పేమీ కాదు గానీ ఆ డబ్బు కూలర్‌లో, క్యాబినెట్‌లో పెట్టడం మేలు.

కరెంటు పోయే ఊళ్లో యూపీఎస్ తప్పదు. దాని మీద వీఏ అని ఉండే అంకె వాట్లు కాదు. 600 వీఏ అంటే మామూలుగా 360 వాట్లే, పైన చెప్పిన కంప్యూటర్‌కు అంచుల దాకా. పైగా చవక యూపీఎస్‌లు మెట్లుమెట్లుగా ఉండే కరెంటు ఇస్తాయి, కొన్ని ఎస్ఎంపీఎస్‌లకు అది పడక స్విచ్ మారే క్షణంలోనే ఆగిపోతాయి. ఇక క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోందా, గోడ సాకెట్‌లో ఎర్తు లేదని అర్థం. ఎస్ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి సగం వోల్టేజీ బాడీకి వస్తుంది, కరెంటు చాలా స్వల్పం. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తు వేయించడం తప్ప దానికి ఇంకో వైద్యం లేదు. చెప్పులేసుకుని ముట్టుకోవడం వైద్యం కాదు.

మదర్‌బోర్డులో సాకెట్ చుట్టూ ఉండే వీఆర్ఎం (ప్రాసెసర్‌కు వోల్టేజీని సర్ది ఇచ్చే భాగం) మీద లోహపు దిమ్మెలు ఉన్నాయో లేదో చూడండి. బాగా చవక బోర్డుల్లో అవి ఉండవు. 65 వాట్ల తరగతి ప్రాసెసర్‌కు సర్దుకుపోవచ్చు, పైవాటికి వద్దు. ఇందులో ఒక మెలిక ఉంది. ప్రాసెసర్‌తో వచ్చే చిన్న కూలర్ గాలిని కిందికి ఊదుతుంది, ఆ గాలి వీఆర్ఎంకూ తగులుతుంది. దాన్ని తీసేసి నిలువుగా ఎత్తుగా ఉండే టవర్ కూలర్ పెట్టాక ప్రాసెసర్ చల్లబడి వీఆర్ఎం వేడెక్కడం జరుగుతుంది. వెనక ఫ్యాను లేని క్యాబినెట్‌లో ఇది మరీ ఎక్కువ.

ర్యామ్ సంగతి త్వరగా. ఒకటి కాకుండా రెండు కర్రలు, నాలుగు స్లాట్ల బోర్డయితే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాటులో, నాలుగో స్లాటులో. ఏఎం5కు (రైజెన్ 7000 లాంటి ఏఎండీ ప్రాసెసర్లు కూర్చునే సాకెట్) డీడీఆర్5 రకం ర్యామ్‌లో 6000 వేగం చాలు. బిగించాక బయోస్‌లో ఎక్స్‌పో లేదా ఎక్స్ఎంపీ అనే సెట్టింగు ఆన్ చేయకపోతే కొన్న వేగం రాదు. మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఏఎం5 బోర్డులు మెమరీని సరిచూసుకుంటూ కొన్ని నిమిషాలు నల్ల తెరే చూపిస్తాయి. పాడైందని కంగారుపడి స్విచ్ తీసేయకండి. ఎస్ఎస్‌డీ మీద పెట్టే లోహపు మూత కింద ప్యాడ్‌కు ఉండే పలచటి ప్లాస్టిక్ పొర తీయాలి, అంతే.

కూలర్ దగ్గర నాది పాతకాలపు అభిప్రాయమే: 88 నుంచి 140 వాట్ల దాకా ప్రాసెసర్లకు నాలుగు లేదా ఆరు హీట్‌పైపుల (వేడిని పైకి మోసే గొట్టాల) గాలి టవర్ ఉంటే నీళ్ల కూలర్ అక్కర్లేదు. డీప్‌కూల్ ఏకే400 ఎత్తు 155 మిల్లీమీటర్లు. మీ క్యాబినెట్ ఎంత ఎత్తు కూలర్ పడుతుందో ముందే చూసుకోండి, తలుపు మూసేటప్పుడు తెలిస్తే లాభం లేదు. 120 మిల్లీమీటర్ల ఒంటి ఫ్యాను నీళ్ల కూలర్ మాత్రం ఎవరికీ వద్దు. అదే డబ్బుకు మంచి టవర్ అంతే పని చేస్తుంది, దాంట్లో పంపు పోయే భయం ఉండదు.

చేతిలో ట్యూబు పట్టుకున్నాక

ముందు తుడవడం. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. మొబైల్ రిపేరు షాపుల వాళ్లు ఐపీఏ అంటారు, అక్కడ అడిగితే ఎక్కడ దొరుకుతుందో చెబుతారు. శానిటైజర్ వద్దు, అందులో చర్మం కోసం గ్లిజరిన్ కలుపుతారు, అది లోహం మీద పొరలా మిగిలిపోతుంది. దూదీ వద్దు, పోగులు వదులుతుంది. కళ్లద్దాలు తుడిచే మైక్రోఫైబర్ గుడ్డ బాగుంటుంది. తుడిచిన చోట మళ్లీ వేలు పెట్టకండి.

కూలర్ అడుగున చూడండి. పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఉంటుంది, బిగించేముందు తీయమని దాని మీదే రాసి ఉంటుంది. పేస్టు తప్పుల్లోకెల్లా రాజు ఇదే. ఆ పొర తీయకుండా బిగించి, ఆపైన మంచి పేస్టు కోసం డబ్బులు తగలేసేవాళ్లు ఉంటారు.

ఇప్పుడు ఎంత? "బఠాణీ గింజంత" అని అందరూ అంటారు. పచ్చి బఠాణీయా, ఎండుదా? మన వంటింటి కొలత వేసుకుందాం. ఏఎం4 (ఏఎం5కు ముందటి సాకెట్), ఏఎం5 ప్రాసెసర్లు 40 మిల్లీమీటర్ల చదరం. 4 మిల్లీమీటర్ల పెసరగింజంత ఉండను అంత మేరా పరిస్తే 0.02 మిల్లీమీటర్ల పొర వస్తుంది, అంచులు పొడిగా మిగిలిపోయే ప్రమాదం. 6 మిల్లీమీటర్ల కందిగింజంతయితే 0.07, హాయిగా సరిపోతుంది. కాబూలీ శనగంత వేస్తే 0.24. అంత పొర అక్కడ నిలవదు, ఒత్తిడికి పక్కలకు కారిపోతుంది. ఎక్కువైతే వేడి పెరగదు, చేతులు ఖరాబవుతాయి, అంతే. మామూలు పేస్టు కరెంటు పారనీయదు కాబట్టి షార్టు భయమూ లేదు. తక్కువైతేనే నష్టం. 4 గ్రాముల ట్యూబులో ఉండేది ఒకటిన్నర మిల్లీలీటరు పైచిలుకు, కందిగింజ లెక్కన పద్నాలుగు సార్లు వస్తుంది. పెద్ద ట్యూబు కొనాల్సిన పని లేదు.

ట్యూబు చాలాకాలం పడి ఉంటే నూనె విడిపోయి మొదట అదే వస్తుంది. ముందు కాగితం మీద కొంచెం నొక్కి, బూడిదరంగు ముద్దలా వస్తున్నప్పుడు ప్రాసెసర్ మీదికి వెళ్లండి. చదరపు ప్రాసెసర్‌కు నడిమధ్య ఒక చుక్క. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 (12 నుంచి 14 తరాల సాకెట్) ప్రాసెసర్ నిలువుగా పొడుగు, 45కు 37.5 మిల్లీమీటర్లు, లోపలి సిలికాన్ కూడా పొడుగ్గానే ఉంటుంది, కాబట్టి నిలువుగా ఒక చిన్న గీత. ఏఎం5 మూత చుట్టూ కత్తిరించిన గాట్లు ఉంటాయి, వాటిలో చిన్న కెపాసిటర్లు. అక్కడికి పేస్టు పోతే ప్రమాదం లేదు గానీ శుభ్రం చేయడం పెద్ద తలనొప్పి, అందుకే కందిగింజ కన్నా కాస్త చిన్న చుక్క. కార్డుతో పరవడం తప్పు కాదు, అనవసరం. ఒత్తిడే పరుస్తుంది.

పేస్టు ఆకారం కన్నా ఆ ఒత్తిడికి వందరెట్లు విలువ ఉంది. కూలర్‌ను నిటారుగా దించండి, పక్కకు జరపకండి. స్క్రూలు కారు చక్రం నట్ల పద్ధతిలో బిగించాలి: ఒకదానికి రెండు చుట్లు, ఎదుటి మూలదానికి రెండు చుట్లు, మళ్లీ మొదటిదానికి. ఒకవైపు పూర్తిగా బిగించేసి రెండోవైపు వెళితే కూలర్ ఒక పక్కకు ఒరిగి పేస్టునంతా అటు తోసేస్తుంది. స్ప్రింగు స్క్రూలు ఒకచోట ఆగిపోతాయి, అక్కడే ఆపండి. ఇంకా తిప్పితే ఎల్‌జీఏ సాకెట్లలో (కాళ్లు ప్రాసెసర్‌కు కాక సాకెట్‌లోనే ఉండేవి) ర్యామ్ కర్ర ఒకటి కనిపించకుండా పోతుంది. ర్యామ్ పోయిందని షాపు చుట్టూ తిరిగేవాళ్లలో కొందరిది ఈ జబ్బే. పేస్టు పరుచుకుందో లేదో చూద్దామని కూలర్ పైకెత్తారా, గాలి బుడగలు దూరినట్టే. తుడిచి మళ్లీ వేయాల్సిందే.

ఇంటెల్ పెట్టెలో వచ్చే కూలర్‌కు స్క్రూలుండవు, నాలుగు ప్లాస్టిక్ మేకులుంటాయి. ఎదురెదురు మూలలు జంటగా టక్కుమనేదాకా నొక్కాలి. నొక్కాక బోర్డు వెనక్కి తిప్పి చూడండి, నాలుగు చోట్లా తెల్లని ప్లాస్టిక్ కాళ్లు విచ్చుకుని, వాటి మధ్య నల్ల మేకు దిగి ఉండాలి. మూడు దిగి ఒకటి దిగని కూలర్లు మన ఊళ్లలో వేలల్లో తిరుగుతున్నాయని నా అనుమానం. పెట్టెలో వచ్చిన కూలర్ల అడుగున పేస్టు ముందే వేసి ఉంటుంది, దాని మీద మళ్లీ వేయకండి.

ఏఎం4 వాళ్లకు ఒక హెచ్చరిక. కాళ్లు ప్రాసెసర్‌కే ఉంటాయి, పేస్టు గట్టిపడితే కూలర్ లాగగానే ప్రాసెసర్ దానితోపాటు ఊడి వచ్చేస్తుంది, తాళం వేసి ఉన్నా సరే. కాళ్లు వంగుతాయి. తీసే ముందు ఓ పది నిమిషాలు బరువైన పని నడిపి వేడెక్కించండి, ఆపేసి, ప్లగ్గు తీసి, కూలర్‌ను కొద్దికొద్దిగా అటూఇటూ మెలితిప్పుతూ పట్టు వదిలాక ఎత్తండి. కాలు వంగితే 0.5 లెడ్ పెన్సిల్ మొన ఖాళీ చేసి దాంతో మెల్లగా నిలబెట్టవచ్చు. ఇంటెల్‌లో, ఏఎం5లో కాళ్లు సాకెట్‌లో ఉంటాయి. అవి వంగితే బోర్డు వారంటీ పోయినట్టే, సాకెట్ మీద వాటిని కాపాడే నల్ల ప్లాస్టిక్ మూతను పారేయకుండా దాచుకోండి.

వేడి వస్తే నింద ఎవరి మీద?

ఒకరోజు 95 డిగ్రీలు కనిపించగానే పేస్టు మార్చేయాలనిపిస్తుంది. ముందు ఒకటి గుర్తుంచుకోండి, రైజెన్ 7000లో చాలావరకు 95 దాకా, ఇంటెల్ 12 నుంచి 14 తరాలు 100 దాకా తట్టుకునేలా తయారైనవే, ఆ హద్దు దగ్గర వేగం తగ్గించుకుంటాయి. అంకె ఎంతన్న దాని కన్నా ఎంతసేపట్లో వచ్చిందన్నది చూడండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో (వేడి అంకెలు చూపే ప్రోగ్రామ్) తెరిచి పెట్టుకుని సినీబెంచ్ (ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టే పరీక్ష) నడపండి. మామూలు 65 వాట్ల తరగతి ప్రాసెసర్ రెండు మూడు సెకన్లలోనే 40 నుంచి 95కు ఎగిరిందా, వేడి కూలర్‌లోకి దాటడమే లేదు. ప్లాస్టిక్ పొరో, దిగని మేకో, ఒరిగిన కూలరో, అసలు పేస్టే వేయకపోవడమో. అలా కాకుండా మొదట 70 దగ్గర ఆగి, పది పదిహేను నిమిషాల్లో మెల్లగా 90కి పాకిందా, పేస్టు నిర్దోషి. క్యాబినెట్‌లో వేడి పోగవుతోంది. అనుమానం తీరాలంటే పక్క తలుపు తీసేసి అదే పరీక్ష మళ్లీ చేయండి. ఐదారు డిగ్రీలు తగ్గితే దొంగ క్యాబినెట్టే. తలుపు తీసినా మూసినా ఒకటేనా, అప్పుడు కూలర్ వాట్లకు సరిపోలేదు, లేదా ఫ్యాను వేగం బయోస్‌లో మరీ తక్కువ పెట్టి ఉంది.

ఏడాదికోసారి పేస్టు మార్చాలనేది సర్వీసు షాపుల ఆదాయ సూత్రం. లోహపు మూత ఉన్న డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కు మంచి పేస్టు నాలుగైదేళ్లు సులువుగా నిలుస్తుంది. కూలర్ తీసినప్పుడు మాత్రం తప్పనిసరిగా కొత్తది వేయాలి. ల్యాప్‌టాప్, గ్రాఫిక్స్ కార్డు వేరే కులం. అక్కడ మూత ఉండదు, నగ్నంగా ఉన్న సిలికాన్ వేడెక్కి చల్లారినప్పుడల్లా కొద్దిగా వంగుతుంది, ఆ కదలికకు పలచటి పేస్టు మెల్లగా పక్కలకు తోసుకుపోతుంది. అక్కడ చుక్క పద్ధతి పనికిరాదు, సిలికాన్ మొత్తం కప్పాలి, ఒక మూల బయటపడినా ఆ మూలే మాడుతుంది. హనీవెల్ పీటీఎం7950 లాంటి షీటు ఇలాంటి చోట్లకే. మామూలు గది వేడిలో గట్టిగా ఉండి 45 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, తోసుకుపోదు. ఐదు నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే రెండువైపుల ప్లాస్టిక్ పొరలూ తేలిగ్గా వస్తాయి, లేకపోతే చిరిగిపోతుంది. ద్రవ లోహం జోలికి వెళ్లకండి. అందులో ఉండే గాలియం అల్యూమినియంను తినేస్తుంది, కరెంటును పారనిస్తుంది. ఒక్క బొట్టు జారితే బోర్డు కథ ముగుస్తుంది.

అంతా బిగించాక ఒక కాగితం ముక్క మీద తేదీ, గది వేడి, పదిహేను నిమిషాల సినీబెంచ్ తర్వాత ప్రాసెసర్ వేడి రాసి పక్క తలుపు లోపలివైపు అంటించండి. వచ్చే వేసవిలో జల్లెడ దులిపి అదే పరీక్ష చేసి, ప్రాసెసర్ వేడిలోంచి గది వేడి తీసేయండి. నిరుడు 48 వచ్చిన చోట ఈసారి 49 వస్తే ట్యూబు డ్రాయర్‌లోనే ఉండనివ్వండి. 58 వస్తే స్క్రూడ్రైవర్ తీయండి.